బిళ్ళగన్నేరు

మెడ పక్కన రేగుపండంత గడ్డ.
నొక్కితే నొప్పి లేదు. అదే మంచిదనుకున్నాం.
నొప్పి లేనిది చప్పుడు లేకుండా పెరుగుతుందని
అప్పటికి మాకెవరూ చెప్పలేదు.

తమ్ముడు ఓలేసు బోటు మీద ఇంజన్ డ్రైవరు.
పదహారు రోజుల వేట ముగించి
ఫిషింగ్ హార్బర్లో దిగేసరికి
రేగుపండు నిమ్మకాయైంది,
దాని కింద ఇంకో రెండు పిందెలు.
రాత్రుళ్ళు లుంగీ పిండితే నీళ్ళు కారేంత చెమట.
"సముద్రం గాలి పట్టినాదిలే" అంది అమ్మ.
పసుపూ సున్నమూ నూరి పట్టు వేసింది.
మా జాలారిపేట సందులో
పసుపు మెడతో తిరిగాడు వారం రోజులు,
పెళ్ళి లేని పెళ్ళికొడుకు.

పూర్ణామార్కెట్ వెనక
పాడేరు నుంచి దిగే కిల్లో సోమన్న
గోనె మీద వేళ్ళూ బెరళ్ళూ పరుచుకుని కూర్చుంటాడు.
ఒక వేరు అమ్మ చేతిలో పెట్టి,
వాడి మెడ తడిమి,
ఆ వేరు మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.
"సెగ్గడ్డకైతే ఇత్తును. ఇది అది కాదు తల్లీ.
పెద్దాసుపత్రికి బేగి ఎల్లు."
పైసా పుచ్చుకోలేదు.

ఆయన మాట వినుంటే నలభై రోజులు మిగిలేవి.
మందివ్వని వాడు వైద్యుడేంటి, అనుకుంది అమ్మ.
ఇచ్చేవాడు దొరికాడు.
లక్ష్మణఫలం ఆకుల కషాయం,
సీసా పద్దెనిమిది వందలు,
"గడ్డ మంచులా కరుగుద్ది" అన్నాడు.
ఐస్ ఫ్యాక్టరీలో రసీదులు రాసేదాన్ని నేను,
మంచు ఎంతసేపట్లో కరుగుతుందో నాకు తెలుసు.
తెలిసీ మూడు సీసాలకు డబ్బులిచ్చాను.

కేజీహెచ్ డౌన్ ఎక్కేటప్పుడు
వాడు రెండుసార్లు ఆగాడు ఊపిరికి.
ముక్క తీశారు. పన్నెండో రోజు కాగితం వచ్చింది.
లింఫోమా.
డాక్టరమ్మ ఆ కాగితం వెనక గుండ్రాలు గీసింది:
ఒంట్లో ప్రతి కణానికీ ఎక్కడ ఆగాలో తెలుస్తుందట,
వీటికి ఆ సంగతి మరుపొచ్చిందట.
నాకు గుండ్రాలే కనపడ్డాయి.
అమ్మ అంది కదా,
"వలల్లీవోడు కన్ను మీద కన్ను అల్లుకుంటా పోయి
ఆకరికి పడవలో మనిసికి సోటు లేకుండా సేసినట్టు."
డాక్టరమ్మ పెన్ను ఆపింది. "అదేనమ్మా" అంది.

మొదటి సెలైన్ రోజు
రంగులేని మందు చుక్కచుక్కగా దిగుతుంటే
సిస్టర్ ప్రభావతి మాటల్లో మాటగా అంది,
"మీ పేట ఇసకలో పూస్తుందే, బిళ్ళగన్నేరు,
దాని ఆకు నుంచి తీసిందే ఇది."

తెల్లారేసరికి అమ్మ కొంగు నిండా ఆకులు.
పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.
నేను గిన్నె దించేశాను. అరిచాను కూడా.
మరి సిస్టర్ అబద్ధమాడిందా, అని అమ్మ.
ఆసుపత్రికి లాక్కెళ్ళాను.
ప్రభావతి అమ్మ పక్కన కూర్చుని చెప్పింది:
బండెడు ఆకు వడగడితే చిటికెడు మందు,
ఆ చిటికెడూ తూకం తప్పితే విషం.
అల్లం నీళ్ళివ్వు, వాంతికి మంచిది.
చోడంబలి ఇవ్వు.
ఇంకేమిచ్చినా ముందు మాకు చెప్పు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"మూడు సీసాలు," అంది చివరికి,
"నా సేత్తోనే తాగించినాను."

ఇప్పుడు నాలుగో విడత.
గడ్డ కోసం వేళ్ళతో వెతుక్కోవాలి.
స్కాన్ ఇంకా ఉంది, ఏమీ అనలేం అంటారు వాళ్ళు.
జుట్టు పోయింది. వేళ్ళ కొసలకు తిమ్మిరి,
చొక్కా గుండీ దొరకదు, వల ముడి తెలీదు.

గుమ్మం పక్కన
చేపలకు పనికిరాని పగిలిన థర్మకోల్ పెట్టెలో
అమ్మ బిళ్ళగన్నేరు నాటింది.
ఒక్క ఆకు తుంపదు, ఎవర్నీ తుంపనివ్వదు.
సాయంత్రం దాని పక్కనే కూర్చుని
ఓలేసు చేతిలో నూలు పెట్టి
చిన్నప్పటిలా మళ్ళీ మొదటి ముడి నేర్పుతోంది.
వాడు తప్పు వేస్తాడు.
అమ్మ విప్పుతుంది.